నాలుగు పంటల కోసం వేసిన ఇల్లు

మా పాత ఇంటి పడమటి గోడకి ఒక బీట ఉండేది. వేసవిలో నా చిటికెన వేలు దూరేంత తెరుచుకునేది. వానలు పడి ఆగస్టు వచ్చేసరికి మూసుకుపోయి, సున్నం మీద సన్నటి గీత మాత్రం మిగిలేది. అందరి ఇళ్ళ గోడలూ ఇలాగే తెరుచుకుని మూసుకుంటాయనుకునేదాన్ని. ఓ ఏడు ఎండాకాలం సెలవులకి తాడేపల్లిగూడెం దగ్గర మా అమ్మమ్మగారి ఊరెళ్ళి, వాళ్ళ గోడలన్నీ వెతికి, "అమ్మమ్మా, మీ ఇల్లు ఎక్కడ తెరుచుకుంటుంది?" అని అడిగానట. మా చుట్టాలు ఏ పెళ్ళిలో కలిసినా ఇప్పటికీ ఆ మాట ఎత్తి నన్ను ఏడిపిస్తారు.

తప్పు గోడది కాదు, కిందున్న మట్టిది. మాది కర్ణాటకలో తుంగభద్ర ఎడమ కాలువ కింద, గంగావతి నుంచి సింధనూరు వెళ్ళే దారిలో కారటగికి దగ్గర. అంతా నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నోళ్ళు తెరుస్తుంది. మే నెలలో చేలో నడుస్తూ చెప్పు జారి నెర్రెలో పడితే చెయ్యి పెట్టి తీయడానికి భయం, లోపల ఏముందో తెలియదు. అలాంటి నేల మీద ఇల్లు కట్టాలంటే ఆ నల్లమట్టి తవ్వి పారేసి, గరస నింపి, దిమ్మిసా కొట్టి అప్పుడు పునాది లేపాలి. అది తెలియని మనిషి కాదు మా తాతయ్య. అయినా మోకాలిలోతు కందకం తీసి, దొరికిన రాళ్ళు పేర్చి, మీద మట్టిగోడ పెట్టించేశాడు. ఎందుకలా చేశావంటే ఒకటే జవాబు. "ఎన్నాళ్ళుంటాంలే ఇక్కడ? నాలుగు పంటలు చూసుకుని వెళ్ళిపోదామనుకున్నాను."

ఆయన వచ్చింది 1954లో. అంతకు ముందు సంవత్సరమే డ్యాము నీళ్ళు వదిలారు. ఆ డ్యాము కథ మాకు అన్నం ముద్దలతో పాటు నోట్లో పెట్టిన కథ. 1945 ఫిబ్రవరి 28న నదికి అటు ఒడ్డున మద్రాసు గవర్నరు ఒక శంకుస్థాపన, ఇటు ఒడ్డున నిజాం కొడుకు బేరారు యువరాజు ఇంకో శంకుస్థాపన చేశారు. ఒకే ఆనకట్టకి రెండు రాళ్ళు! మా వైపు హైదరాబాద్ రాజ్యం, అటు వైపు బళ్ళారి, మద్రాసు ప్రెసిడెన్సీ. కట్టడం పూర్తయ్యేసరికి ఆ గవర్నరూ లేడు, నిజాం రాజ్యమూ లేదు. 33 గేట్లతో డ్యాము మాత్రం నిలబడింది.

గోదావరి డెల్టాలో అప్పటికే పొలాలు చిన్న ముక్కలైపోయాయి. నలుగురు అన్నదమ్ములుంటే తలా ఎకరమో ఎకరంన్నరో. తుంగభద్ర కింద నేల చవక, కాలువ వస్తోంది అన్న మాట చెవినపడగానే గోదావరి జిల్లాల నుంచీ కృష్ణా, గుంటూరుల నుంచీ జనం బయల్దేరారు. తాతయ్య తన వాటా రెండెకరాల మాగాణి అమ్మి, ఆ డబ్బుతో ఇక్కడ ఇరవై రెండెకరాల మెట్ట కొన్నాడు. బెజవాడలో మీటర్ గేజి రైలెక్కి, గుంటకల్లు మీదుగా హోస్పేటలో దిగి, అక్కణ్ణించి బస్సు, ఆఖర్న ఎడ్లబండి. మామ్మ ఆ ప్రయాణం గురించి చెప్పినప్పుడల్లా నాన్న వయసు మారేది. ఓసారి ఆరేళ్ళవాడు, ఓసారి చంకలో పిల్లాడు. ఊరగాయ జాడీ మాత్రం ప్రతిసారీ ఆవిడ ఒళ్ళోనే ఉండేది.

ముందు దిగినవాళ్ళు గుడారాలు వేసుకున్నారు, పాకలు వేసుకున్నారు. అందుకే ఆ ఊళ్ళకి క్యాంపులని పేరు. డెబ్బై ఏళ్ళయినా ఆ పేరు పోలేదు. చుట్టూ మేడలు, రైసు మిల్లులు, ట్రాక్టరు షోరూములు లేచినా చిరునామాలో క్యాంపు అనే రాస్తాం. కన్నడం వాళ్ళు మమ్మల్ని "క్యాంపినవరు" అంటారు. క్యాంపువాళ్ళు అని.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా వాళ్ళు నలుగురు కూర్చుంటే "అడవిని కొట్టి పొలం చేశాం" అని మొదలుపెడతారు. నేనూ చాలాకాలం నమ్మాను. తుమ్మలు, పొదలు కొట్టిన మాట నిజమే, తేళ్ళూ పాములూ నిజమే, చలిజ్వరాలూ నిజమే. కానీ తాతయ్య కొన్న ఇరవై రెండెకరాల్లో ఎక్కువ భాగం అప్పటికే జొన్నచేను. ఎవరో తరతరాలుగా గొర్రుతో విత్తి, గుంటకతో కలుపు తీసుకుంటున్న నేల. అది అమ్మిన గౌడ పక్క ఊళ్ళోనే ఉండేవాడు. మేం గౌడ తాత అనేవాళ్ళం. ఆయన ఎందుకమ్మాడంటే, నల్లమట్టికి కాలువ నీళ్ళు పడవు, పెడితే పాడైపోతుంది అని ఆయన నమ్మకం. మా వాళ్ళందరూ నవ్వారట. తాతయ్య కూడా.

ఇల్లు కట్టడంలో కూడా మొదటి చెయ్యి గౌడ తాతదే. తాతయ్యకి తెలిసింది తాటాకు పాక. ఇక్కడ తాటిచెట్లెక్కడ? మొదటి ఏడు బోదగడ్డి, జొన్నచొప్ప కప్పి గడిపారు. ఒక గాలివానకి కప్పు మొత్తం లేచి పక్క చేలో పడింది. అప్పుడు గౌడ తాత తన ఊరి మేస్త్రీని పంపించాడు. ఆ మేస్త్రీ మట్టిని రెండు రోజులు నానబెట్టి, చొప్ప నరికి కలిపి, ఎద్దులతో తొక్కించి, మూరెడు ఎత్తు వరస పెట్టి, అది ఆరాక దాని మీద ఇంకో వరస పెట్టి గోడ లేపాడు. అడుగున్నర మందం. వేసవిలో ఆ గోడకి వీపు ఆనించి కూర్చుంటే కుండ నీళ్ళు ఒంటి మీద పోసినట్టుండేది. ఒకటే పెద్ద గది, ముందు చావిడి. సగం చావిడి మనుషులకి, సగం ఎద్దులకి.

మామ్మ అడిగింది ఒకటే, సింహద్వారం గోదావరి నుంచి రావాలని. వచ్చింది. టేకు గుమ్మం, లారీలో, బెల్లం బుట్టల మధ్య పడుకుని. ఇక్కడి మట్టిగోడకి అది మరీ ఎక్కువ ఎత్తు. మేస్త్రీ తల గోక్కుని గుమ్మం కోసం గోడని ఇంకో వరస పెంచాడు. దాంతో మా ఇల్లు చుట్టుపక్కల ఇళ్ళకన్నా మూరెడు ఎత్తయింది. దూరం నుంచి చూసినవాళ్ళు బాగా ఉన్నవాళ్ళనుకునేవారు. లోపల ఉన్నది రెండు నులకమంచాలు, ఒక ట్రంకు పెట్టె.

మామ్మ మొదటి రెండేళ్ళు ఏడుస్తూనే గడిపిందట. కూరగాయ దొరకదు, తెలుగు మాట వినపడదు. వరి పండేదాకా జొన్నే. ఆవిడకి రొట్టె కొట్టడం రాదు, ముద్ద చేసి పెట్టేది. ఒకరోజు గౌడ తాత భార్య వచ్చి, ఈవిడ అవస్థ చూసి, పీట ముందు కూర్చుని చేత్తో పటపటా కొట్టి చూపించింది. పక్కన ఆవిడ తెచ్చిన కూర గిన్నె మూత తీస్తే పుల్లటి వాసన. మామ్మ ఆ గిన్నె ముఖం దగ్గర పెట్టుకుని, "ఇది గోంగూర కదటే!" అని అరిచిందట. వాళ్ళు పుండి అంటారు. పుండి పల్య. ఆ కథ చెప్పేటప్పుడు మామ్మ గొంతు ఎప్పుడూ అక్కడే మారేది. దేశం కాని దేశంలో చుట్టం కనపడినట్టయిందమ్మా, అనేది. చివరి రోజుల్లో మాత్రం ఆవిడే పక్కా కన్నడ యాసలో పుండి అనేది, గోంగూర అంటే మేమే గుర్తు చేయాలి.

కన్నడం చదవడం మామ్మకి ఎవరూ నేర్పలేదు. అక్షరాలు మన వాటికి అక్కచెల్లెళ్ళలా ఉంటాయి కదా, తలకట్లు కాస్త వేరు. బస్సు బోర్డు చూసి ఊహించి చదివేసేది, మూడొంతులు సరిపోయేది. సరిపోనప్పుడు ఒకసారి సింధనూరు బదులు ఇంకెక్కడికో వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చింది. ఎక్కడికెళ్ళిందో ఎంత అడిగినా చెప్పలేదు.

1956 నవంబరు 1న మా ఇల్లు అంగుళం కదలకుండానే రాష్ట్రం మారింది. తాతయ్య ఆశ వేరు. అటు ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, రేపో మాపో హైదరాబాద్ దానితో కలుస్తుంది, మనమూ అందులోనే ఉంటాం అనుకున్నాడు. కలవడం కలిసింది. కానీ మాట్లాడే భాషని బట్టి జిల్లాలు పంచారు కాబట్టి రాయచూరు మైసూరు రాష్ట్రంలోకి వెళ్ళింది. క్యాంపుల్లో కొందరు పొలాలు అమ్మేసి వెనక్కి పోయారు. తాతయ్య కూడా ట్రంకు పెట్టె సర్దాడట. ఆ ఏడు పంట ఇంకా కళ్ళంలో ఉంది, అది అమ్ముడయ్యాక చూద్దాం అన్నాడు. అమ్ముడయ్యాక ఆ డబ్బు పెట్టి ఎడ్లు కొన్నాడు. నేను పుట్టింది 1972లో, మైసూరు రాష్ట్రం రాయచూరు జిల్లాలో. ఏడాది తిరగకుండా రాష్ట్రం పేరు కర్ణాటక అయింది. 1997లో మా ఊరు కొత్త కొప్పళ జిల్లాలోకి వెళ్ళింది. ఆ ఫారాలూ ఈ ఫారాలూ నింపేటప్పుడు ఇప్పటికీ ఒకసారి ఆగి ఆలోచించుకుంటాను.

ఇంటికి ఒక్కో పంట ఒక్కో ముక్క తెచ్చింది. చొప్ప కప్పు పోయి మంగళూరు పెంకు వచ్చింది. మట్టి నేల పోయి షాబాదు బండలు వచ్చాయి, గుల్బర్గా వైపు నుంచి లారీల్లో దిగేవి. ముందు అరుగు కట్టేటప్పుడు తాతయ్యకి డ్యాము గుర్తొచ్చింది. అంత పెద్ద ఆనకట్టని సిమెంటుతో కాదు, రాయి, సున్నం, ఇటుకపొడి కలిపిన సుర్ఖీతో కట్టారని ఎవరో ఇంజనీరు చెప్పాడట. అంతే, మన అరుగుకీ సుర్ఖీయే అన్నాడు. గానుగలో ఎద్దుని కట్టి వారం రోజులు సున్నం తిప్పించాడు. చుట్టుపక్కలవాళ్ళు వింతగా చూశారు. పునాది లేని ఇంటికి డ్యాములాంటి అరుగు! ఇల్లంతా ఏటా బీటలు వారేది, అరుగు మీద మాత్రం వెంట్రుక గీత పడలేదు. అది ఇంటితో కలవకుండా విడిగా నిలబడి ఉండేది, మధ్యలో సందు. ఆ సందులో కప్పలు కాపురం పెట్టేవి.

వేసవిలో కాలువ కట్టేస్తే తాగునీటికి పాట్లు. బోరు వేస్తే ఉప్పునీళ్ళు. కాలువ కట్టేయకముందే గుండిగలు, తొట్లు నింపేసుకుని, ఇండుపగింజ అరగదీసి కలిపితే మట్టి అడుగుకి దిగేది. మలేరియా మందు కొట్టేవాళ్ళు వచ్చి డి.డి.టి. చల్లి, గుమ్మం పక్క గోడ మీద తేదీ రాసి వెళ్ళేవారు. సున్నం వేసినప్పుడల్లా ఆ తేదీల మీద నుంచే వేసేవాళ్ళు. వానాకాలం సున్నం పొరలు ఊడితే కింద నుంచి పాత అంకెలు బయటపడేవి.

ఇంక ఆ ఐదు పైసల సంగతి. నాకు తొమ్మిదేళ్ళు, అన్నయ్యకి పన్నెండు. నలుచదరపు అల్యూమినియం ఐదు పైసల బిళ్ళ, జ్ఞాపకం ఉన్నవాళ్ళకి ఉంటుంది, నీళ్ళలో వేస్తే తేలుతుందేమో అన్నంత తేలిక. మే నెలలో దాన్ని బీటలో నిలువుగా నిలబెట్టాను. వానలు పడ్డాక గోడ దాన్ని పట్టేసుకుంది. ఎంత గోకినా రాలేదు. రోజూ స్కూలుకి వెళ్ళేముందు అంచు తడిమి చూసుకునేదాన్ని. "నా డబ్బు గోడలో దాచుకున్నాను" అని చెబితే తాతయ్య, "నా డబ్బంతా అందులోనేనే అమ్మడూ" అన్నాడు. తర్వాతి వేసవికి బీట తెరుచుకుంది గానీ బిళ్ళ కనపడలేదు. లోపలికి జారిపోయిందన్నారు అందరూ.

వరి గురించి ఒప్పుకోవాల్సింది ఒకటుంది. ఆ కాలువ డిజైను చేసినప్పుడు వరి కొంత మేరకే. ఎక్కువ భాగం జొన్న, వేరుశెనగ, పత్తి లాంటి ఆరుతడి పంటలకి. మా వాళ్ళకి అడుగు నీళ్ళు నిలబడని పొలం పొలంలాగే కనపడదు. కాలువ పైభాగంలో, నడుమ భాగంలో ఉన్న క్యాంపులన్నీ వరి వేశాయి, రెండు పంటలూ వరే. గంగావతిని కర్ణాటకలో "భత్తద కణజ" అంటారు, ధాన్యపు గాదె అని. బెంగళూరులో నేను కొనే సోనా మసూరి సంచీ మీద గంగావతి పేరో సింధనూరు పేరో చూస్తే ఇప్పటికీ ఛాతీ కొంచెం పొంగుతుంది. కానీ అదే కాలువ చివర మాన్వి వైపు, రాయచూరు వైపు రైతులు నీళ్ళు రాక ఏటా రోడ్డెక్కుతారు. రాత్రిపూట తూము ఎత్తుకున్న కథలు మా ఇంట్లో ఎంత గొప్పగా చెప్పుకునేవారంటే, ఆ నీళ్ళు ఎవరి వంతువో నాకు కాలేజీకి వెళ్ళాక గానీ తట్టలేదు. హాస్టల్లో నా గదిలో ఉన్న అమ్మాయిది మాన్వి దగ్గర పల్లె. "మీ క్యాంపులవాళ్ళు తాగి వదిలిందే మాకు" అంది ఒకరోజు, నవ్వుతూనే. నేనేం మాట్లాడలేదు.

గౌడ తాత మాట కూడా పూర్తిగా తప్పు కాలేదు. ఇరవై ముప్పై ఏళ్ళు నీళ్ళు నిలబెట్టేసరికి పల్లపు చేలల్లో చవుడు తేలింది. మా పొలంలోనే ఉత్తరం వైపు మూడెకరాలు పొద్దున పూట తెల్లగా, ఉప్పు చల్లినట్టుండేది. తాతయ్య ఆ గట్టు మీద నిలబడి ఒకసారి, "గౌడ ముందే చెప్పాడురా" అన్నాడని నాన్న చెప్పాడు. అప్పటికి గౌడ తాత పోయి చాలా ఏళ్ళయింది. బతికి ఉన్నన్నాళ్ళూ ఎళ్ళ అమావాస్యకి వాళ్ళ చేలో భోజనానికి మేమందరం వెళ్ళేవాళ్ళం. సజ్జరొట్టె, ఎర్రకారం, పుండి పల్య. తినే ముందు నేలకి కొంత చల్లేవారు, చరగ అని. ఒకప్పుడు మా చేలో కూడా చల్లేవారట, అది వాళ్ళ చేను అయినప్పుడు.

1988లో నాన్న పక్కనే స్లాబు ఇల్లు కట్టాడు, ఈసారి గరస నింపి, పునాది గట్టిగా వేసి. పాత ఇల్లు ఎరువుల కొట్టు అయింది. తాతయ్య మాత్రం కొత్త ఇంట్లో పడుకోలేదు. పడక అరుగు మీదే, చివరిదాకా.

2024 ఆగస్టు 10 రాత్రి డ్యాము 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. అమెరికాలో ఉన్న పిన్ని కూతురి నుంచి హైదరాబాదులో ఉన్న అన్నయ్య దాకా అందరూ నాన్నకి ఫోన్లు. ఇల్లు మునిగిందా, బయటికి వెళ్ళిపోండి అని. మా క్యాంపుకి వరద భయం లేదు. టెన్షన్ అంతా దానికి పూర్తిగా ఎదురు. అప్పుడే నాట్లు పడుతున్నాయి. నిండుకుండలా ఉన్న డ్యాము ఆ ఒక్క కంతలోంచి ఖాళీ అయిపోతుంటే, టీవీలో ఆ నురగ చూస్తూ నాన్న అన్నం ముట్టుకోలేదు. మొదట్లో 133 టీఎంసీలు పట్టిన డ్యాము పూడిక పేరుకుని ఇప్పుడు 105కి అటూ ఇటూగా పడుతోంది, అందులోంచి మళ్ళీ ఇది. గేట్ల పనిలో ఆరితేరిన కన్నయ్య నాయుడుగారి సలహాతో వారంలో అడ్డుపలకలు దించి ఆపారు. ఆ రాత్రి నాన్న ఫోన్ చేసి నీళ్ళ గురించి చెప్పి, ఆఖర్న, "పాతిల్లు ఇంక తీసేస్తానమ్మా, పెంకులు రాలుతున్నాయి" అన్నాడు. ఆ రెండిటికీ సంబంధమేమిటో నేనడగలేదు.

తీసేటప్పుడు వెళ్ళాను. పెంకులు ఎవరో కొన్నారు. షాబాదు బండలు కొత్త పశువుల పాకలోకి. గుమ్మం ఎవరికీ అమ్మకూడదని నాన్న పట్టుబట్టి ట్రాక్టరు షెడ్డులో గోడకి ఆనించాడు, ఎటూ తెరుచుకోకుండా. పెద్ద గది గోడ పడగొట్టాక మట్టి పెళ్ళల్లో ఏదో పీచు మెరుస్తుంటే చేత్తో నలిపి చూశాను. జొన్నచొప్ప ముక్కలు. డెబ్బై ఏళ్ళయినా కణుపు కణుపూ తెలుస్తోంది. వెనకాల తర్వాత కలిపిన వంటగది గోడ మట్టిలో చూస్తే అంతా వరిగడ్డి. నాన్నకి చూపించాను. రెండు పెళ్ళలు రెండు చేతుల్లో పట్టుకుని చాలాసేపు చూశాడు. "ఇది గౌడగారి గడ్డి," అని చొప్ప ఉన్నది అరుగు మీద పెట్టి, రెండోది కింద పడేశాడు. అరుగుని కొట్టనివ్వలేదు. ఇల్లు లేని అరుగు అలాగే ఉంది, సాయంత్రాలు దాని మీద కూలీలు టీ తాగుతారు.

పడమటి గోడ కూల్చేటప్పుడు నేనే దగ్గరుండి మట్టి జల్లెడ పట్టించాను. కూలీలు నాకేదో బంగారం దొరకబోతోందనుకుని పని ఆపి చూశారు. ఒక గుండుసూది, ఎలుకలు లాక్కుపోయిన గుడ్డపీలికలు, ఒక పెంకు ముక్క. బిళ్ళ లేదు. రాత్రి అన్నయ్యకి ఫోన్ చేసి ఆ మాట చెబితే కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"అది ఆ వేసవిలోనే తీసేశానే. పుల్ల ఐసు కొనుక్కున్నా. నీకు చెప్పలేదా?"